పేనుకు ఒక్క ఇల్లు, పురుగుకు మూడిళ్లు



పామర్రు నుంచి పాలకొల్లు వెళ్లే హైవేలో గుడివాడ దాటి ముదినేపల్లి వచ్చేసరికి వరిచేల మధ్య చేపల చెరువులు తగులుతాయి. కైకలూరు వైపు సాగేకొద్దీ చేలు తగ్గి చెరువులే మిగులుతాయి. ఈ గట్ల మీద పొద్దున పూట తరచూ జరిగే పని ఒకటుంది. విసురువల వేసి నాలుగు చేపలు పైకి తీస్తారు. బరువు చూస్తారు, మొప్పలెత్తి రంగు చూస్తారు. తర్వాత చేపను వెల్లకిలా తిప్పి రెక్కల మొదళ్లూ, గొంతు కింది భాగమూ వేలితో తడుముతారు. పెసరబద్దంత ఉండే చదునైన జీవి, అవతలి వెలుతురు కనిపించేంత పలచనిది, వేలి కింద జారి పక్కకు పాకిందంటే చెరువుకు పేను పట్టినట్టే.

శాస్త్రజ్ఞులు దాన్ని ఆర్గులస్ అంటారు. పేరుకు పేనే గానీ తలలో పేనుతో దానికి చుట్టరికం లేదు. రొయ్యలూ పీతలూ ఉన్న క్రస్టేషియన్ల వర్గం దానిది. తల అడుగున ఉన్న రెండు గుండ్రటి పట్టులతో చేపకు అతుక్కుని, సన్నని ముల్లు దింపి రక్తం పీలుస్తుంది. దురద పుట్టిన చేప కర్రలకూ గట్లకూ ఒళ్లు రాసుకుంటుంది, నీటిపైకి ఎగిరెగిరి పడుతుంది, మేత మానేస్తుంది. ముల్లు దిగిన చోట పుండు పడితే బాక్టీరియా చేరుతుంది. రోహు, అదే ఇక్కడి శీలావతి, దీనికి తొందరగా లొంగుతుంది. దేశంలోని కార్ప్ చెరువుల్లో ఈ పేను వల్ల హెక్టారుకు ఏడాదికి సుమారు 29,500 రూపాయలు నష్టమని 2013లో వెలువడిన ఒక అంచనా.

గుడ్లు పెట్టే వేళకు ఆడపేను చేపను వదిలేస్తుంది. ఈదుకుంటూ పోయి నీటిలో మునిగిన కర్రో, రాయో, తూము గోడో చూసుకుని వరసగా గుడ్లు అంటిస్తుంది. ఈ కిటుకు తెలిసినవాళ్లు చెరువులో వెదురు తడకలు దింపి, కొన్నాళ్లాగి పైకి లాగి ఎండబెడతారు. ఎండకు గుడ్లు చస్తాయి. రూపాయి మందు అక్కర్లేదు. అయినా తడక ఎండబెట్టే ఓపిక కంటే డబ్బా మూత తిప్పే తొందరే ఎక్కువగా కనిపిస్తుంది.

గుడ్డు పగలడానికి పట్టే కాలాన్ని నీటి వేడి నిర్ణయిస్తుంది. నీరు వెచ్చగా ఉంటే వారాల్లో పిల్లలవుతాయి, చల్లబడితే అదే పని సాగి సాగి నెలలకు పోతుంది. అంటే వాతావరణం వేడెక్కిన కొద్దీ ఈ పేనుకు ఏడాదిలో తరాలు పెరుగుతాయి. దాని సంసారానికి కావలసింది ఒక్క చేప. ఎకరాకు వేల చేపలు తిరిగే చెరువులో ఆ ఒక్కటీ దొరక్కపోవడం అంటూ ఉండదు.

వాతావరణ మార్పు గురించి మాట్లాడేవాళ్లు ఈ పేను లెక్కనే పరాన్నజీవులన్నిటికీ వేసేస్తుంటారు. వేడి పెరిగితే పురుగులు పెరుగుతాయి, అంతే అంటారు. అదే చెరువు మీదుగా ఎగిరే గూడబాతు కడుపులోకి చూస్తే లెక్క అంత తేలిగ్గా కుదరదు.

2021 డిసెంబరులో శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులు చచ్చి పడటం మొదలైంది. నౌపడ చిత్తడి నేలల దగ్గరున్న ఆ ఊరికి గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ ఏటా వచ్చి చింతచెట్లూ తుమ్మచెట్లూ చూసుకుని గూళ్లు కడతాయి. ఊరివాళ్లు వాటిని ఆడపడుచుల్లా చూసుకుంటారు. అలాంటి ఊళ్లో 2022 జనవరి నాటికి దాదాపు 150 గూడబాతులు పోయాయి. పోయినవాటిలో ఎక్కువ భాగం పిల్లలు కావు, గూళ్లు కట్టుకుని పిల్లల్ని సాకుతున్న పెద్ద పక్షులు. కారణం నెమటోడ్లు, అంటే ఏలికపాముల వర్గానికి చెందిన గుండ్రటి పురుగులని చెప్పారు. చుట్టుపక్కల ఆక్వా చెరువుల్లో మింగిన చేపలతోపాటు అవి పక్షుల కడుపులోకి చేరాయని అధికారుల అభిప్రాయం. అంతకు నాలుగేళ్ల ముందు కర్ణాటకలోని మండ్య జిల్లా కొక్కరె బెళ్లూరులోనూ ఇదే తంతు. 2017 చివర్లో మొదలై 2018లోకి సాగిన ఆ చావుల్లోనూ నెమటోడ్ల పేరే వినిపించింది.

చేపలు తినే పక్షుల్లో ఇలా కాపురం పెట్టే పురుగుల్లో కాంట్రసీకమ్ అనేది ముఖ్యమైన ప్రజాతి. పక్షి జీర్ణాశయం గోడలోకి తల గుచ్చి, తెల్లగా గుంపులు గుంపులుగా వేలాడుతుంది. పదో పరకో ఉంటే పక్షి పట్టించుకోదు. అడవిలో, చిత్తడిలో బతికే గూడబాతుల్లో ఏదో ఒక పురుగు లేని పక్షే అరుదు. గుంపు వందల్లోకి పెరిగి, గోడ పుండై, తిన్నది ఒంటికి పట్టని స్థితి వచ్చినప్పుడే ముప్పు. కాబట్టి అడగవలసింది పురుగు ఎందుకుందని కాదు, అన్ని ఎలా చేరాయని.

దీని దారి పేను దారి కంటే చాలా పొడుగు. పక్షి రెట్టతో గుడ్లు నీటిలో పడతాయి. గుడ్డులోంచి వచ్చిన లార్వాను కోపిపాడ్ అనే అతి చిన్న జీవి మింగుతుంది. రొయ్యకు దూరపు చుట్టమైన ఈ కోపిపాడ్ గట్టిగా చూస్తే తప్ప కంటికి ఆనదు. కోపిపాడ్‌ను చిన్న చేప తింటుంది. చిన్నదాన్ని పెద్దది తింటుంది. చేప పొట్టలో లార్వా చుట్ట చుట్టుకుని కూర్చుంటుంది. ఆ చేపను గూడబాతు మింగితేనే పురుగు పెద్దదై మళ్లీ గుడ్లు పెడుతుంది. అవనిగడ్డ మనిషి ఆకివీడు చేరాలంటే మచిలీపట్నంలో ఒక బస్సు, గుడివాడలో ఒక బస్సు మారినట్టు ఇది ఒళ్లు మారుతూ పోవాలి. నడుమ ఒక్క సర్వీసు రద్దయినా ప్రయాణం అక్కడితో సరి. ఇంట్లో చేపల పులుసు తినేవాళ్లు కంగారు పడనక్కర్లేదు, పులుసు కాగేసరికి ఏ లార్వా బతకదు.

ఇలా ఒళ్లు మారే జీవుల దారి కనిపెట్టిన చరిత్రలో తెలుగు నేలకూ చోటుంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ ఒక దోమ కడుపు కోసి, మలేరియా రోగి రక్తంతో లోపలికి వెళ్లిన పరాన్నజీవి అక్కడ పెరుగుతుండటం సూక్ష్మదర్శినిలో చూశాడు. ఆ ప్రయాణం మొత్తాన్ని మరుసటి ఏడాది కలకత్తాలో పూర్తిగా నిరూపించింది మనుషుల మీద కాదు, పక్షుల మీద. పిచ్చుకల మలేరియా దోమలోంచి మళ్లీ పిచ్చుకకు ఎలా చేరుతుందో చూపించాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. పాఠ్యపుస్తకాల్లో పిచ్చుకలు చాలావరకు జారిపోయాయి.

ఉత్తరాంధ్రలో ఈ పని మరింత ఓపికగా సాగింది. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం జువాలజీ శాఖకు చెందిన రొక్కం మాధవి దశాబ్దాల పాటు చేపల్లోని ట్రెమటోడ్లను, అంటే చదును పురుగులను పరిశోధించారు. మట్టగిడసలో ఉండే జెనార్కాప్సిస్ గొప్పో అనే పురుగు జీవిత చరిత్రను 1978లో ప్రచురించారు. ఏటి నీళ్లలో ఈదే చిన్న చేప మొప్పల మీద లార్వాలు ఏ వరసలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి 1986లో మరో పత్రం రాశారు. భారతీయ సముద్ర చేపల ట్రెమటోడ్ల మీద బ్రిటిష్ శాస్త్రవేత్త రాడ్నీ బ్రేతో కలిసి ఆమె రాసిన గ్రంథం 2018లో వచ్చింది. ఇలాంటి పనికి పేపర్లలో ఫొటోలు పడవు. ఒక పురుగు ఏ నత్తలోంచి ఏ చేపలోకి వెళుతుందో తేల్చడానికి నత్తల్ని పెంచాలి, వాటిలోంచి వచ్చే లార్వాలను కనిపెట్టి కూర్చోవాలి, చేపకు పట్టించాలి, చేపను కోయాలి. ఏళ్ల తరబడి చేస్తే ఒక దారి తేలుతుంది.

ఇక వేడి సంగతి.

భూమి వేడెక్కితే పొడుగు దారి పురుగులకు ఏమవుతుందన్న ప్రశ్నకు అమెరికాలో ఒక పర్యావరణ శాస్త్రవేత్త విచిత్రమైన చోట జవాబు వెతికింది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పనిచేసే చెల్సీ వుడ్ మ్యూజియం అల్మరాల్లోని పాత సీసాలు దించింది. సియాటిల్ పక్కనున్న ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయలో 1880 నుంచి 2019 దాకా వేర్వేరు కాలాల్లో పట్టి భద్రపరిచిన చేపలవి. చేపను దాచినవాళ్లు చేప కోసమే దాచారు. కడుపులోని పురుగులు కూడా దానితోపాటు నిలవ ఉన్నాయి. ఎనిమిది జాతుల చేపలు, మొత్తం 699, ఆమె బృందం కోసి చూసింది. 17 వేలకు పైగా పరాన్నజీవులు లెక్కకొచ్చాయి.

2023లో బయటపడ్డ ఫలితం చాలామంది ఊహకు అడ్డం తిరిగింది. ఒకటి రెండు ఒళ్లతో సరిపెట్టుకునే పురుగులు నూటనలభై ఏళ్లలో పెద్దగా తగ్గలేదు. మూడు, అంతకు మించి ఒళ్లు మారవలసినవి మాత్రం పడిపోయాయి. సముద్రపు ఉపరితలం ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే వాటి సంఖ్య 38 శాతం తగ్గింది. 1980 నాటికే పూర్తిగా మాయమైన పదింటిలో తొమ్మిది ఈ పొడుగు దారివే. వేడికి గొలుసులో ఏదో ఒక లంకె బలహీనపడితే చాలు, మిగతావి ఎంత బలంగా ఉన్నా పురుగు గమ్యం చేరదు. కాలిన్ కార్ల్‌సన్ అనే మరో శాస్త్రవేత్త బృందం 457 పరాన్నజీవి జాతుల సమాచారం కూడగట్టి 2017లో ఒక అంచనా వేసింది. దాని ప్రకారం 2070 నాటికి పరాన్నజీవి జాతుల్లో మూడో వంతు దాకా అంతరించే ప్రమాదముంది.

పోతే పోనీ, పీడ విరగడైంది అనుకునేవాళ్లు ముదినేపల్లి గట్ల మీదే కాదు, ఎక్కడైనా ఎక్కువమందే ఉంటారు. కాలిఫోర్నియా ఉప్పుటేళ్లలో కెవిన్ లాఫర్టీ చేసిన ప్రయోగం వింటే కొంచెం ఆగుతారు. అక్కడ ఒక చదును పురుగు చిన్న చేప మెదడు మీద చేరుతుంది. చేరాక ఆ చేప నీటిపైకొచ్చి మెలికలు తిరుగుతుంది, తెల్లటి పొట్ట తళుక్కుమనిపిస్తుంది. పురుగు పట్టని చేప కంటే పట్టిన చేప కొంగ నోట పడే అవకాశం పది నుంచి ముప్ఫై రెట్లు ఎక్కువని 1996లో తేల్చారు. కొంగకు అందే ఆహారంలో పురుగు వాటా అంత పెద్దదన్నమాట. అలాంటి ఉప్పుటేళ్లలోనే పరాన్నజీవులన్నిటినీ తూకం వేస్తే అక్కడి పక్షుల మొత్తం బరువును మించిందని 2008లో మరో అధ్యయనం చూపించింది. కంటికి కనిపించని ఈ సరుకు పోతే ఎవరి ఆకలి తీరు ఎలా మారుతుందో ముందుగా చెప్పగలవాళ్లు లేరు.

మరి ప్యూజెట్ సౌండ్‌లో పొడుగు దారి పురుగులు తగ్గుతుంటే, తేలినీలాపురంలో మూడు ఒళ్లు మారే పురుగు నూటయాభై పక్షుల్ని చంపేంతగా ఎలా పెరిగింది?

జవాబు చాలావరకు చెరువులో ఉంది. కొల్లేటి ప్రాంతం కథ చూస్తే అది తెలుస్తుంది. కె.కె. నీలకంఠన్, మలయాళ పాఠకులకు ఇందుచూడన్‌గా తెలిసిన పక్షి ప్రేమికుడు, పశ్చిమగోదావరి జిల్లా ఆరేడులో పెద్ద గూడబాతుల కాలనీ చూసి 1949లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వివరంగా రాశాడు. తర్వాతి దశాబ్దాల్లో ఆ కాలనీ చెదిరిపోయింది. గూడబాతులు ఇప్పుడు కైకలూరు పక్కన ఆటపాకలో గూళ్లు కడుతున్నాయి. చెట్లు చాలక అటవీశాఖ నాటిన ఇనుప స్టాండ్ల మీద కూడా పెడుతున్నాయి. ఈ రెంటి నడుమ కొల్లేరు సరస్సు చేపల చెరువులుగా ముక్కలైంది. 1999లో అయిదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైంది, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చెరువుల గట్లు తెంచారు. ఆ గొడవలు వేరే ప్రసంగానికి సరిపడా ఉన్నాయి. పురుగు వైపు నుంచి చూస్తే జరిగింది ఒక్కటే. విశాలమైన సరస్సులో ఒక గుడ్డు కోపిపాడ్‌కూ, ఆ కోపిపాడ్ చేపకూ, ఆ చేప పక్షికీ చిక్కడం లాటరీ లాంటి వ్యవహారం. చెరువులో పక్షి, రెట్ట, కోపిపాడ్, చేప అన్నీ ఒకే గట్టు లోపల కిక్కిరిసి ఉంటాయి. ఏడాది పొడవునా మేత దొరికే చోటికి పక్షి రోజూ వస్తుంది. వేడి ఎక్కడ లంకె తెంపినా, చెరువు దాన్ని మళ్లీ ముడేస్తుంది.

ఎరువు ఈ ముడిని ఇంకా బిగిస్తుంది. అమెరికాలో పీటర్ జాన్సన్ అనే శాస్త్రవేత్త కాళ్లు ఎక్కువా తక్కువా ఉన్న కప్పల గుట్టు వెతుకుతూ నత్తలో, తోకకప్పలో, చివరికి కొంగలో బతికే ఒక పురుగు దగ్గరకు చేరాడు. నైట్రోజన్, భాస్వరం పెంచిన నీటి తొట్లలో ఏమవుతుందో అతని బృందం చూసి 2007లో ప్రచురించింది. ఎరువుతో నాచు పెరిగింది, నాచుతో నత్తలు పెరిగాయి, ఒక్కో నత్త వదిలే లార్వాలూ పెరిగాయి. కప్పలకు సోకే పురుగులు రెండు నుంచి అయిదు రెట్లయ్యాయి. డెల్టాలో చేపలకు మేతగా నీటిలో పచ్చదనం రావాలని కోళ్ల పెంట, సూపర్ ఫాస్ఫేట్ వేస్తారు. చెరువు ఉద్దేశమే అది. పచ్చటి నీటిలో కోపిపాడ్‌లు పెరుగుతాయి, బొచ్చె చేపకు అవే విందు. వాటితోపాటు పక్షి పురుగుకు బస్సులూ పెరుగుతాయి.

పేనుకు కొట్టే మందు ఇక్కడే అడ్డొస్తుంది. డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ వంటివి క్రస్టేషియన్లను చంపేవి. పేను చస్తుంది, దాని చుట్టమైన కోపిపాడూ చస్తుంది, బొచ్చె మేతకు కొన్నాళ్లు కరువొస్తుంది. చెరువు నీళ్లు మురుగుకాల్వలోకి వదిలితే ఆ మందు ఎంతో కొంత కొల్లేటి దారి పడుతుంది. పక్షిని తోలడానికి టపాసులు, పేనును తోలడానికి మందు తప్ప మరో ఆలోచన రాకపోవడం ఈ వ్యాపారంలోని బలహీనత. పట్టుబడి అయ్యాక చెరువు బాగా ఎండబెట్టి సున్నం చల్లడం, కర్రలూ తడకలూ ఎండలో పడెయ్యడం పాతకాలపు పద్ధతులే. రెండు పంటల మధ్య వ్యవధి కుదించుకుపోయేకొద్దీ అవీ కుదించుకుపోతున్నాయి.

వేడి మాత్రం ఆగడం లేదు. 1901 నుంచి 2018 మధ్య దేశం సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో లెక్క చెప్పింది. అయితే ప్రతి పురుగుకూ కిందికే కాదు, పైకీ ఒక హద్దుంటుంది. మలేరియానే తీసుకుంటే, దోమలో ఫాల్సిపారం అనే మలేరియా పరాన్నజీవి పెరగాలంటే సుమారు 18 డిగ్రీలు దాటాలి. కానీ వ్యాప్తి అత్యధికంగా ఉండేది 25 దగ్గర, ఆపైన వేడికి దోమ ఆయుష్షే తగ్గిపోతుందని ఎరిన్ మార్డెకై బృందం 2013లో చూపింది. వేసవిలో నలభై దాటే బందరు, గుడివాడల్లో వేడి పెరగడం అంటే అన్ని నెలల్లోనూ పరాన్నజీవులకు పండగ కాదు. కాంట్రసీకమ్ గుడ్డు వెచ్చటి నీటిలో త్వరగా పగులుతుంది, ఆ లార్వా అదే వెచ్చదనంలో త్వరగా శక్తి అయిపోయి చస్తుంది కూడా. ఈలోగా కోపిపాడ్ దొరికితే బతికింది. చెరువులో దొరుకుతుంది. మే నెల మండే ఎండ కంటే, ఎండ తగ్గి నీరు వెచ్చగానే ఉండి, పక్షులు గూళ్ల కోసం గుంపుగా చేరే చలికాలపు నెలలే ఆటపాకలో గమనించవలసినవి. తేలినీలాపురంలో చావులు పడిందీ డిసెంబరు, జనవరిల్లోనే.

కొల్లేటిలో నిజంగా ఏం మారిందో తెలియాలంటే చెల్సీ వుడ్ చేసిన పని ఇక్కడ చెయ్యడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. మచిలీపట్నం, గుడివాడల్లో అర్ధశతాబ్దం దాటిన డిగ్రీ కాలేజీలున్నాయి. జువాలజీ ల్యాబు ఉన్న పాత కాలేజీల్లో ఫార్మలిన్ సీసాల్లో చేపలు ఉండటం మామూలే. సీసా మీది చీటీలో ఊరూ తేదీ ఇంకా చదవగలిగేలా ఉంటే, చెరువులు రాకముందు పట్టిన చేప పొట్ట నిలువునా చీల్చి, లోపల చుట్ట చుట్టుకున్న లార్వాలను లెక్కపెట్టి, అదే జాతి చేపను ఇవాళ ముదినేపల్లి మురుగుకాల్వలో పట్టి పక్కన పెట్టి పోల్చవచ్చు. చీటీ చెరిగిన సీసా దేనికీ పనికిరాదు. ముందుగా దించవలసింది మట్టగిడస సీసా. ఆ చేప డెల్టా కాల్వల్లో అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. దాని కడుపులోని ఒక పురుగు దారి విశాఖలో 1978లోనే తేలింది.